నైట్రస్ సరే, దానికి సరిపడా పెట్రోల్ ఎక్కడిది?

కారు జోరు పెంచే కిట్ల గురించి మాట వస్తే ఒక ప్రశ్న తప్పకుండా వినిపిస్తుంది: ‘కంపెనీ నుంచి వచ్చిన ఇంజిన్ నైట్రస్‌ను తట్టుకుంటుందా?’ 2001లో వచ్చిన ‘ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్’ సినిమా తర్వాత బటన్ నొక్కగానే దూసుకుపోయే కారు చాలామంది ఊహల్లో స్థిరపడిపోయింది. ఇక చర్చంతా పిస్టన్ ఎంత గట్టిది, క్రాంక్ షాఫ్ట్ ఎంత బరువు మోస్తుంది అనే దాని చుట్టూనే తిరుగుతుంది.

నా ఉద్దేశంలో ముందు అడగాల్సింది అది కాదు. నైట్రస్ ఇంధనం కాదు. అది ఇంజిన్‌కు శక్తిని నేరుగా ఇవ్వదు, మరింత పెట్రోల్‌ను మండించే వీలు మాత్రమే కల్పిస్తుంది. కాబట్టి అసలు ప్రశ్న ఇది: ఆ అదనపు పెట్రోల్‌ను సరిగ్గా ఆ క్షణంలో, సరైన మోతాదులో అందించే సత్తా కారులోని ఫ్యూయల్ సిస్టమ్‌కు ఉందా? ‘కంపెనీ వాళ్లు ఎలాగూ కొంత మార్జిన్ పెడతారు, దాన్ని మనం వాడుకుందాం’ అని చాలామంది సమాధానం చెప్పుకుంటారు. మార్జిన్ ఉన్న మాట నిజమే. కానీ అది ఖాళీగా పడి ఉన్న మార్జిన్ కాదు. దానికి ముందే వేరే పనులున్నాయి.

గాలి కంటే చిక్కని గాలి

నైట్రస్ ఆక్సైడ్ కొత్త పదార్థమేమీ కాదు. జోసెఫ్ ప్రీస్ట్‌లీ 1772లోనే దాన్ని తయారు చేశాడు. 18వ శతాబ్దం చివర్లో హంఫ్రీ డేవీ దాన్ని తానే పీల్చి ప్రయోగాలు చేశాడు. ‘లాఫింగ్ గ్యాస్’గా పేరుబడ్డ ఆ వాయువు ఆపరేషన్ థియేటర్లలో మత్తుమందుగా నేటికీ వాడుకలో ఉంది.

దాని అణువులో రెండు నైట్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు ఉంటాయి. బరువు ప్రకారం చూస్తే అందులో ఆక్సిజన్ వాటా 36 శాతం. మనం పీల్చే గాలిలో ఆ వాటా 23 శాతమే. మామూలు ఉష్ణోగ్రతలో నైట్రస్ బుద్ధిగా ఉంటుంది. దాదాపు 300 డిగ్రీల సెల్సియస్ దాటాక విడిపోవడం మొదలవుతుంది. సిలిండర్ లోపలి వేడికి అది నైట్రోజన్‌గా, ఆక్సిజన్‌గా చీలిపోతుంది. ఆ చీలికలో కొంత వేడి కూడా పుడుతుంది. పైగా సీసాలో ద్రవంగా ఉన్న నైట్రస్ బయటికి రాగానే ఆవిరై, మైనస్ 88 డిగ్రీల దగ్గరి చలిని పుట్టిస్తుంది. ఆ చల్లదనానికి లోపలికి వెళ్లే గాలి మరింత చిక్కబడుతుంది.

ఇంజిన్ వైపు నుంచి చూస్తే ఉన్నట్టుండి ఊపిరితిత్తులు పెద్దవైనట్టు లెక్క. ఊపిరి పెరిగినప్పుడు తిండి కూడా పెరగాలి. ఒక కిలో పెట్రోల్ పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. గాలికి బదులు నైట్రస్ వాడితే దాదాపు 9.5 కిలోలు చాలు. అంటే లోపలికి పంపిన ప్రతి 9.5 గ్రాముల నైట్రస్‌కూ కనీసం ఒక గ్రాము పెట్రోల్ అదనంగా వెళ్లాలి. ఇంజిన్‌ను చల్లగా ఉంచడం కోసం కిట్లు అంతకంటే ఎక్కువే పోస్తాయి.

ఒక చిన్న కారు లెక్క

మన రోడ్ల మీద మామూలుగా కనిపించే 1.2 లీటర్ల పెట్రోల్ కారును ఉదాహరణగా తీసుకుందాం. టర్బో లేదు, శక్తి 90 హార్స్‌పవర్, అంటే 66 కిలోవాట్లు. ఇలాంటి ఇంజిన్ ఫుల్ థ్రాటిల్‌లో ఒక్కో కిలోవాట్‌కు గంటకు దాదాపు 300 గ్రాముల పెట్రోల్ తాగుతుందనుకుంటే, సెకనుకు 5.5 గ్రాములు అవుతుంది.

ఫుల్ థ్రాటిల్‌లో ఇంజిన్‌కు 14.7 నిష్పత్తిలో కాకుండా 12.5 నిష్పత్తిలో, అంటే కాస్త ఎక్కువ పెట్రోల్‌తో, మిశ్రమం అందుతుంది. అలా ఇవ్వడానికి రెండు కారణాలు. శక్తి ఎక్కువ వస్తుంది. మండకుండా మిగిలే ఆ పెట్రోల్ పిస్టన్లనూ వాల్వులనూ కొంత చల్లబరుస్తుంది. ఆ లెక్కన సెకనుకు సుమారు 69 గ్రాముల గాలి, అందులో 16 గ్రాముల ఆక్సిజన్ లోపలికి వెళుతుంది.

ఇప్పుడు 25 హార్స్‌పవర్ పెంచే చిన్న కిట్ బిగించారనుకుందాం. సెకనుకు దాదాపు 11 గ్రాముల నైట్రస్ వెళుతుంది. దానితో 4 గ్రాముల ఆక్సిజన్ అదనంగా చేరుతుంది. మొత్తం 20 గ్రాములు. ఆక్సిజన్ పావు వంతు పెరిగింది కాబట్టి మిశ్రమం పాత నిష్పత్తిలోనే ఉండాలంటే పెట్రోల్ కూడా పావు వంతు పెరగాలి. 5.5 గ్రాములు కాస్తా 6.9 గ్రాములు కావాలి.

ఒకవేళ పెరగకపోతే? అంతకుముందు అవసరానికి మించి పెట్రోల్ ఉన్న మిశ్రమంలో ఇప్పుడు ఆక్సిజనే 6 శాతం ఎక్కువవుతుంది. ఇంజిన్‌ను చల్లగా ఉంచిన ఆ అదనపు పెట్రోల్ మొత్తం మాయమవుతుంది. చిక్కని ఆక్సిజన్‌తో మంట వేగంగా పాకుతుంది, సిలిండర్‌లో పీడనం ముందుగానే శిఖరానికి చేరుతుంది. స్పార్క్ తగలకముందే లేదా మంట చేరకముందే మిశ్రమం తనంతట తాను పేలుతుంది. మెకానిక్‌లు ‘నాకింగ్’ అనేది దీన్నే. స్పార్క్ ప్లగ్ కొన కరగడం, పిస్టన్ అంచు విరగడం, చివరికి పిస్టన్ నడినెత్తిన బొక్క పడటం దీని తర్వాతి మెట్లు. ఇదంతా కొన్ని సెకన్లలోనే జరిగిపోవచ్చు. నైట్రస్ వల్ల ఇంజిన్ పాడైందని మనం వినే కథల్లో చాలావాటికి మూలం నైట్రస్ ఎక్కువవడం కాదు, పెట్రోల్ తక్కువవడం.

20 మిల్లీసెకన్ల గోడ

6.9 గ్రాములు పెద్ద మొత్తమేమీ కాదు కదా అనిపించవచ్చు. ఇబ్బంది మొత్తంలో లేదు, సమయంలో ఉంది. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో ఒక చక్రం పూర్తవడానికి రెండు తిరుగుళ్లు పడతాయి. నిమిషానికి 6,000 తిరుగుళ్ల వేగంలో ఆ చక్రానికి ఉన్న సమయం సరిగ్గా 20 మిల్లీసెకన్లు. ఇంజెక్టర్ తెరుచుకుని తన వంతు పెట్రోల్ చిమ్మి మూసుకోవడం ఆ లోపే జరగాలి.

ఫుల్ థ్రాటిల్‌లో మన ఇంజెక్టర్ 16 మిల్లీసెకన్లు తెరిచి ఉంటుందనుకుందాం. అంటే 80 శాతం సమయం. కంపెనీలు సాధారణంగా ఆ చుట్టుపక్కలే డిజైన్ చేస్తాయి. మరీ పెద్ద ఇంజెక్టర్ పెడితే ట్రాఫిక్‌లో ఐడిల్ వేగంలో చుక్క పెట్రోల్‌ను కచ్చితంగా కొలవడం కష్టమవుతుంది, బీఎస్-6 ఉద్గార పరిమితులు దాటిపోతాయి. ఇప్పుడు ఆ 16 మిల్లీసెకన్లకు పావు వంతు కలపండి. 20 అవుతుంది. ఉన్న సమయమంతా అయిపోయింది. ఇంజెక్టర్ ఇక మూసుకోదు, కుళాయిలా కారుతూనే ఉంటుంది. ఆపైన ఇంకొక్క చుక్క కావాలన్నా ఇవ్వలేదు.

పెట్రోల్ పీడనం పెంచితే సరిపోతుందని కొందరంటారు. సన్నని రంధ్రం గుండా వెళ్లే ద్రవం విషయంలో భౌతికశాస్త్రం అంత ఉదారంగా ఉండదు. ప్రవాహం పీడనానికి వర్గమూలంగా మాత్రమే పెరుగుతుంది. ప్రవాహం పావు వంతు పెరగాలంటే పీడనం సగానికి పైగా పెరగాలి. 3.5 బార్ ఉన్నచోట దాదాపు 5.5 బార్ కావాలి. పీడనం పెరిగేకొద్దీ పంపు తోడిపోసే పెట్రోల్ తగ్గుతుంది. నేటి కార్లలో చాలావాటికి ప్రెషర్ రెగ్యులేటర్ పెట్రోల్ ట్యాంకులోనే, పంపుతో కలిపి ఉంటుంది కాబట్టి బయటి నుంచి తిప్పి పీడనం పెంచే వీలు కూడా తక్కువ.

మరి ఈసీయూ? అది తెలివైనదే, కానీ ఈ విషయంలో దానికి కళ్లు లేవు. మానిఫోల్డ్ పీడనం, ఉష్ణోగ్రత చూసి గాలి ఎంతో అంచనా కడుతుంది. వచ్చేదంతా మామూలు గాలే అన్న నమ్మకంతోనే దానిలోని పట్టికలన్నీ తయారయ్యాయి. ఫుల్ థ్రాటిల్‌లో చాలా కార్లు ఆక్సిజన్ సెన్సర్ మాటను పక్కనపెట్టి ఆ పట్టికనే అనుసరిస్తాయి. నాక్ సెన్సర్ కాసేపు స్పార్క్‌ను వెనక్కి జరిపి కాపాడుతుంది గానీ లేని పెట్రోల్‌ను తేలేదు.

నైట్రస్‌తో పాటు పెట్రోల్‌ను కూడా వేరే నాజిల్ ద్వారా చిమ్మే ‘వెట్’ కిట్లు ఇందుకే పుట్టాయి. నైట్రస్‌ను మాత్రమే పంపి పెట్రోల్ పనిని కారు ఇంజెక్టర్లకే వదిలేసేవి ‘డ్రై’ కిట్లు. వెట్ కిట్ ఇంజెక్టర్ల గోడను దాటుతుంది. మన ఉదాహరణలోని కారుకు గంటకు 27 లీటర్ల బదులు 34 లీటర్లు చాలు కాబట్టి, మంచి స్థితిలో ఉన్న పంపు దాన్ని మోయగలగవచ్చు కూడా. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. పోర్ట్ ఇంజెక్షన్ కార్లలో ప్లాస్టిక్ ఇన్‌టేక్ మానిఫోల్డ్‌ను పొడి గాలి కోసమే మలిచారు. పెట్రోల్ తుంపర అందులో మలుపు తిరగలేక గోడలకు అంటుకుని గుంటలుగా నిలుస్తుంది. ఒక సిలిండర్‌కు ఎక్కువ, మరోదానికి తక్కువ వెళుతుంది. నిలిచిన పెట్రోల్‌కు నిప్పు అంటుకుంటే మానిఫోల్డే పగిలిపోవచ్చు.

ఆ మార్జిన్ ఎవరిది?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఆ మిగిలిన 4 మిల్లీసెకన్లు కంపెనీ ఎందుకు వదిలింది?

మొదటి కారణం మన పెట్రోల్ బంకులోనే ఉంది. దేశంలో పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని మొదట 2030కి పెట్టుకుని 2025లోనే చేరుకున్నాం. ఒక కిలో ఇథనాల్ మండటానికి 9 కిలోల గాలి చాలు. కాబట్టి ఈ20 ఇంధనానికి సరైన నిష్పత్తి 14.7 కాదు, దాదాపు 13.5. అంతే గాలికి 7 నుంచి 8 శాతం ఎక్కువ ఇంధనం చిమ్మాలి. ఇథనాల్ లేని పెట్రోల్‌తో 15 మిల్లీసెకన్లు తెరుచుకున్న ఇంజెక్టర్ ఈ20తో 16 మిల్లీసెకన్లు తెరుచుకోవాలి. ఒక మిల్లీసెకను అలా ఖర్చయిపోయింది. ఇథనాల్‌కు ఆక్టేన్ ఎక్కువ, నాకింగ్‌ను కొంత ఆపుతుంది, అది మంచిదే. కానీ ఇంజెక్టర్ సమయం విషయంలో మాత్రం అది మార్జిన్‌ను తినేస్తుంది.

రెండోది భూగోళం. హైదరాబాద్ సముద్ర మట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి పీడనం విశాఖపట్నం కంటే సుమారు 6 శాతం తక్కువ. ఇంజిన్ పీల్చే గాలి తక్కువ, తాగే పెట్రోల్ కూడా తక్కువ. హైదరాబాద్‌లో కొలిచి ‘మార్జిన్ బాగానే ఉంది’ అనుకున్న కారు విశాఖ బీచ్ రోడ్డుకు చేరేసరికి అందులో కొంత దానంతట అదే కరిగిపోతుంది.

మూడోది వయసు. ఫిల్టర్ పూడుకుపోతుంది, పంపు అరుగుతుంది, వైరింగ్ పాతబడి పంపుకు అందే వోల్టేజ్ తగ్గుతుంది, ఇంజెక్టర్ కొనల్లో మడ్డి పేరుకుంటుంది. పదేళ్ల తర్వాత మండుటెండలో, నలుగురితో, ఏసీ వేసుకుని ఘాట్ రోడ్డు ఎక్కే కారు కూడా ఆగకుండా నడవాలని ఇంజినీర్ ఆ 4 మిల్లీసెకన్లు పక్కన పెట్టాడు. అది మన కారులో వృథాగా పడి ఉన్న సామర్థ్యం కాదు. ఆ కారు ముసలితనానికి, మన ఎండాకాలానికి, మారే ఇంధనానికి ముందుగా దాచిన పొదుపు. దాన్ని పది సెకన్ల జోరు కోసం ఖర్చు చేయడం తప్పా ఒప్పా అన్నది తర్వాతి మాట. ఖర్చు చేస్తున్నామని తెలియకుండా ఖర్చు చేయడం మాత్రం తప్పే.

యుద్ధవిమానం ఎలా నెగ్గుకొచ్చింది?

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ తన మెసర్‌ష్మిట్ బీఎఫ్-109 విమానాల్లో కొన్నింటికి ‘జీఎం-1’ పేరుతో నైట్రస్ వ్యవస్థను బిగించింది. ‘అప్పట్లోనే వాడారు, ఇప్పుడు మన కారుకేం?’ అనే వాదనకు ఈ ఉదాహరణను వాడుతుంటారు. నిజానికి ఇది ఎదురు వాదనకే బలం. ఆ వ్యవస్థను వాడింది చాలా ఎత్తులో, గాలి పలుచబడి ఇంజిన్ శక్తి పడిపోయిన చోట. నేలకు దగ్గర్లో ఎక్కువ గాలికి తగిన పెట్రోల్ అందించేలా తయారైన ఫ్యూయల్ సిస్టమ్‌కు అక్కడ నిజంగానే ఖాళీ ఉంది. నైట్రస్ ఆ లోటును పూడ్చింది. సముద్ర మట్టం దగ్గర ఫుల్ థ్రాటిల్‌లో ఉన్న కారుకు అలాంటి లోటు ఏదీ లేదు. అక్కడ నైట్రస్ పూడ్చేది గుంటను కాదు, గట్టు మీద ఇంకో గట్టు కడుతుంది.

ఎదురు వాదనలో నిజమెంత?

అమెరికాలో వేల కార్లు కంపెనీ పంపు, కంపెనీ ఇంజెక్టర్లతోనే 50 హార్స్‌పవర్ కిట్లు వాడుతున్నాయి కదా అని అభిమానులు అంటారు. ఇందులో నిజం ఉంది. చిన్న మోతాదు, ఆరోగ్యంగా ఉన్న ఫ్యూయల్ సిస్టమ్, సరైన ట్యూనింగ్ ఉంటే అది సాధ్యమే. అయితే అక్కడి పెద్ద వీ8 ఇంజిన్ శక్తి 300 హార్స్‌పవర్ అయితే, 50 అంటే ఆరో వంతు. మన 90 హార్స్‌పవర్ కారుకు అదే 50 సగం కంటే ఎక్కువ. కిట్ మీద రాసిన అంకె ఒకటే, దాని అర్థం ఒకటి కాదు. చూడాల్సింది ఎన్ని హార్స్‌పవర్ పెరిగాయన్నది కాదు, ఉన్నదానిలో ఎన్నో వంతు పెరిగిందన్నది. అక్కడి అనుభవాన్ని నిష్పత్తి చూడకుండా ఇక్కడికి దిగుమతి చేసుకోవడమే ప్రమాదం.

ఎండ విషయంలోనూ అంతే. నైట్రస్‌కు క్రిటికల్ ఉష్ణోగ్రత 36.4 డిగ్రీలు. అది దాటితే ఎంత పీడనం పెట్టినా నైట్రస్ ద్రవంగా ఉండదు. 20 డిగ్రీల దగ్గర సీసాలో పీడనం దాదాపు 50 బార్ ఉంటుంది, 36 డిగ్రీల దగ్గర 72 బార్‌కు చేరుతుంది. నాజిల్ రంధ్రాన్ని ఎంచుకునేది ఒక నిర్ణీత పీడనాన్ని, ద్రవ రూపాన్ని నమ్ముకుని. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఎండలో నిలిపిన కారు డిక్కీలో ఆ నమ్మకం చెల్లదు. నైట్రస్ వైపు మోతాదు మారిపోతుంది, పెట్రోల్ వైపు మాత్రం పాత మోతాదే. చలి దేశంలో కుదిరిన నిష్పత్తి ఇక్కడ కుదురుతుందన్న హామీ లేదు. అధిక పీడనంలో ఉన్న నైట్రస్‌ను తేలిగ్గా తీసుకోకూడదని నిపుణులకూ అనుభవమైంది. 2007 జులైలో కాలిఫోర్నియాలోని మొహావీలో స్కేల్డ్ కాంపోజిట్స్ సంస్థ రాకెట్ కోసం నైట్రస్ ప్రవాహాన్ని పరీక్షిస్తుండగా పేలుడు జరిగి ముగ్గురు చనిపోయారు. అప్పుడు ఇంజిన్‌ను మండించనే లేదు.

మరి ఏం చేయాలి?

ముందు చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వాటికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో అనుమతి లేని మార్పుకు ఆరు నెలల వరకు జైలు లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా ఉంది. కాబట్టి ఊళ్లో రోడ్డు మీద తిరిగే కారుకు నైట్రస్ అన్న చర్చను ఇక్కడితో ముగించవచ్చు. పక్క లేన్‌లో స్కూటర్ మీద వెళ్లే మనిషికి మన ఇంజెక్టర్ లెక్కతో సంబంధం లేదు.

రేసు ట్రాక్ సంగతి వేరు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరులో ట్రాక్‌లు ఉన్నాయి. అక్కడ నియమాలకు లోబడి ప్రయత్నించేవారికి నేను చెప్పేది ఒక్కటే: ఊహించకండి, కొలవండి. ఫుల్ థ్రాటిల్‌లో ఫ్యూయల్ రైల్ పీడనం చివరి వరకు నిలకడగా ఉందా? ఇంజెక్టర్ ఎంత శాతం సమయం తెరిచి ఉంటోంది? వైడ్‌బ్యాండ్ సెన్సర్ మిశ్రమం గురించి ఏం చెబుతోంది? ఈ మూడు అంకెలు చేతిలో లేకుండా సీసా తెరవకూడదు. పెట్రోల్ పీడనం పడిపోగానే నైట్రస్‌ను ఆపేసే స్విచ్ తప్పనిసరి. అనుభవం ఉన్న డ్రాగ్ రేసర్లలో చాలామంది కారు ట్యాంకును అసలు ముట్టుకోరు. నైట్రస్ కోసమే చిన్న ట్యాంకు, వేరే పంపు, ఎక్కువ ఆక్టేన్ ఉన్న ఇంధనం పెట్టుకుంటారు. ‘స్టాక్ ఫ్యూయల్ సిస్టమ్ సరిపోతుందా?’ అన్న ప్రశ్నకు వాళ్లు చేతలతో ఇచ్చిన జవాబు అది.

కిట్లు అమ్మేవారు హార్స్‌పవర్‌ను పెద్ద అక్షరాల్లో రాస్తారు. దాని పక్కనే సెకనుకు ఎన్ని గ్రాముల నైట్రస్, ఎన్ని గ్రాముల పెట్రోల్ అన్న రెండు అంకెలు కూడా అంతే పెద్దగా రాయాలి. ఇంజినీరింగ్ కాలేజీల్లో ఆటోమొబైల్ ల్యాబ్ ఉన్నచోట ఈ 20 మిల్లీసెకన్ల లెక్కను ప్రాజెక్టుగా ఇవ్వాలి. ఈ20 మీద, కారు వయసు మీద, ఎత్తు మీద మార్జిన్ ఎలా కరుగుతుందో కొలిచి చూపడానికి నైట్రస్ సీసా కూడా అక్కర్లేదు. ఓబీడీ స్కానర్, ప్రెషర్ గేజ్ చాలు.

ఆక్సిజన్‌ను సీసాలో కొని తెచ్చుకోవచ్చు. దానికి జతగా మండాల్సిన పెట్రోల్ మాత్రం కారులో ఉన్న పంపు, ఇంజెక్టర్ ఇచ్చినంతే వస్తుంది.